రేపు పిన్ని లాండ్రీ

మా పిన్ని చెప్పిన రోజున బట్టలు తిరిగి ఇచ్చిన దాఖలా ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ఆవిడకి ఒక లాండ్రీ షాపు ఉంది. బట్టలు తీసుకునేటప్పుడు చీటీ మీద "మంగళవారం" అని తన చేత్తో తనే గుండ్రంగా రాసి ఇస్తుంది. మంగళవారం ఆ చీటీ పట్టుకుని వెళితే, ఆ అక్షరాలు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసినట్టు ఎగాదిగా చూసి, "రేపు రండి" అంటుంది. బుధవారం వెళితే ఇచ్చేస్తుంది. ఇచ్చేటప్పుడు మాత్రం, మనమేదో పెందలాడే వచ్చి ప్రాణం తీస్తున్నట్టు మొహం పెడుతుంది.

ఆవిడ మా అమ్మకి చెల్లెలు, కాబట్టి పిన్ని నాకొక్కడికే. అయినా వీధి వీధంతా ఆవిడని "రేపు పిన్ని" అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "పేరు పెట్టారంటే గుర్తుపెట్టుకున్నారనేగా" అని నవ్వి ఊరుకునేది.

ఈ గుణం పుట్టుకతోనే వచ్చిందని మా అమ్మమ్మ గట్టి నమ్మకం. "డాక్టరు చెప్పిన తారీఖు దాటి పదకొండు రోజులకి పుట్టింది. రోజూ నేను ఆసుపత్రికి వెళ్ళడం, 'రేపు చూద్దాం లెండి' అని డాక్టరు తిప్పి పంపడం. కడుపులో ఉండగానే ఆ మాట విని నేర్చుకుంది" అనేది.

ఆలస్యానికి పిన్ని చెప్పే కారణాలు వినడానికే కొంతమంది షాపులో కాసేపు ఎక్కువ నిలబడేవారు. ఒకరికి చెప్పిన కారణం ఇంకొకరికి చెప్పేది కాదు. ఆవిడ అబద్ధాలు ఎవరి కొలతకి వాళ్ళకి కుట్టించినట్టు ఉండేవి. పక్క సందులో పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఒకరోజు ఆయన తన పసుప్పచ్చ గళ్ళ చొక్కా కోసం వచ్చాడు.

"డాక్టరు గారూ, జేబు మీద ఒక మరక ఉందండీ. అదేం మరకో ఇంకా తేలలేదు."

"కాఫీ అయ్యుంటుంది. ఉతికెయ్యండి, పోతుంది."

"మీ దగ్గరికి పంటినొప్పి అని వస్తే, ఏ పన్నో చూడకుండానే పీకేస్తారా? రేపు రండి."

డాక్టరు ఆలోచనలో పడ్డాడు. గుమ్మం దిగేటప్పుడు "పాపం, శ్రద్ధగల మనిషి" అని కూడా అన్నాడు.

లాయరు గారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఆయన ఆరడుగుల పైన ఉంటాడు. మా పిన్ని షాపులోకి తల వంచి రావాల్సిన కస్టమరు ఆయనొక్కడే. ముక్కు మీదే కోపం. ఆయనతో పిన్ని వాదన ఇలా ఉండేది:

"లాయరు గారూ, కోర్టులో మీరు నెలకి పది వాయిదాలు అడుగుతారు. జడ్జి గారు కిక్కురుమనకుండా ఇచ్చేస్తారు. నేను ఒక్క వాయిదా అడిగితే ఇంత కోపమా?"

ఆయన ఒకసారి తెలివిగా గెలుద్దామనుకున్నాడు. మంగళవారం కావాల్సిన కోటుని "సోమవారం కావాలి" అని చెప్పాడు. పిన్ని ఆయన కళ్ళలోకి చూసి, "అంటే మంగళవారం కావాలన్నమాట. అయితే బుధవారం రండి" అంది.

నేను సొంత అక్క కొడుకుని కదా, నాకైనా కాస్త వెసులుబాటు ఉంటుందని ఆశపడ్డాను.

"ఒరేయ్, బయటివాళ్ళకి రేపు అని చెప్పి ఇంట్లోవాడికి ఇవాళే ఇచ్చేస్తే నలుగురూ ఏమనుకుంటారు? నువ్వు ఎల్లుండి రా" అంది.

మరి అంత ఏడిపించే షాపుకి జనం ఎందుకు వెళ్ళేవారూ అంటే, ఆవిడ ఇస్త్రీ అలాంటిది. పిన్ని ఇస్త్రీ చేసిన ప్యాంటు మడత మీద చెయ్యి పెడితే తెగుతుందేమోనని భయమేసేది. అదొక్కటే కాదు. ఇచ్చేటప్పుడు వదులుగా ఉన్న గుండీ తిరిగొచ్చేటప్పుడు బిగుసుకుని వచ్చేది. చిరిగిన జేబు అతుక్కుని వచ్చేది. ఊడిన అంచు మళ్ళీ కూడుకునేది. మేమెవరం అడిగింది లేదు. "ఎవరు కుట్టారు పిన్నీ?" అంటే, "ఒక రోజు విశ్రాంతి ఇస్తే బట్టలు వాటంతటవే కుదుటపడతాయి. అందుకే రేపు రమ్మనేది" అని చెప్పేది. వీధిలో సగం మంది ఆ మాట నమ్మారు. ఆ సగంలో నేనూ ఉన్నాను.

ఇలా ఉండగా ఒక దువ్వెన వచ్చి నా సంసారంలో నిప్పులు పోసింది. నా నల్ల కోటు లాండ్రీ నుంచి వచ్చిన మర్నాడు మా ఆవిడ దాని జేబులో చెయ్యి పెట్టి ఒక దువ్వెన బయటికి తీసింది.

"ఇది ఎవరిది?"

"నాదే అయ్యుంటుంది" అన్నాను, పేపరు చదువుతూ.

మా ఆవిడ నా తల వంక చూసింది. అక్కడ జుట్టన్నది మాయమై ఎనిమిదేళ్ళయింది.

"దేన్ని దువ్వుతున్నారు?"

నేను పేపరు మడిచాను. ఆవిడ మళ్ళీ జేబులో చెయ్యి పెట్టి ఈసారి ఉతుకులో నలిగి వెలిసిన బస్సు టిక్కెట్టు తీసింది. ఊరి అవతలి కొసకి వెళ్ళే బస్సు.

"అక్కడెవరున్నారు మీకు?"

"లాండ్రీలో ఏదో మారిపోయి ఉంటుంది."

"లాండ్రీలో చొక్కాలు మారతాయి. దువ్వెనలు బస్సెక్కి తిరగవు."

రెండు రోజులు మా ఇంట్లో టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు తప్ప వేరే మాట లేదు. మూడో రోజు ఇక తాడో పేడో తేల్చుకుందామని ఏడింటికే లేచి పిన్ని షాపుకి బయల్దేరాను. మొన్న వానకి తడిసిందని ఆ కోటు మళ్ళీ అక్కడే ఇచ్చి ఉన్నాను.

ముందు షట్టరు ఇంకా తియ్యలేదు. సందులోంచి చుట్టూ తిరిగి వెళితే వెనక తలుపు తీసి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే పళ్ళ డాక్టరు కనిపించాడు, అటు తిరిగి. ఆ పసుప్పచ్చ గళ్ళ చొక్కా ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

"ఏం డాక్టరు గారూ, మీకూ వెనక తలుపేనా?" అంటూ వీపు మీద చెయ్యి వేశాను.

ఆయన ఇటు తిరిగి నవ్వాడు. ముందు పళ్ళు నాలుగు లేవు. ఆయన డాక్టరు కాదు.

నేను నోరు వెళ్ళబెట్టుకుని చూస్తుండగానే లోపలి గది తెర పక్కకి జరిగి, నా కోటు నాకెదురుగా నడిచి వచ్చింది. దాని లోపల నిండు జుట్టున్న ఒక పెద్దాయన ఉన్నాడు. దాచడమెందుకు, ఆ కోటు నా మీద కన్నా ఆయన మీదే బాగుంది. ఆయన నన్ను చూసి, కోటు చూసుకుని, మళ్ళీ నన్ను చూసి చేతులు నలుపుకున్నాడు.

"బాబూ, ఈ కోటు గలవారు మీరేనా? మొన్న ఇందులో నా దువ్వెన మర్చిపోయాను. చూశారా?"

నాకు కోపం రావాలి. అది రాలేదు. నిజం చెప్పొద్దూ, గుండె మీంచి బండ దింపినట్టయింది.

"చూశానండీ. మా ఆవిడ కూడా చూసింది. దయచేసి మీరొక్కసారి మా ఇంటికి రావాలి" అన్నాను.

అప్పుడు గది మొత్తం కనిపించింది. రెండు వాషింగ్ మిషన్లూ గిరగిరా తిరుగుతున్నాయి. స్నానాల గది ముందు ముగ్గురు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసలో ఉన్నారు. ఒకావిడ బెంచీ మీద కూర్చుని దుప్పట్లు మడత పెడుతోంది. మూలన ఒక కుట్టుమిషను, దాని పక్కనే నిలువుటద్దం. మొత్తం పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళలో కొందరిని నేను రోజూ చూస్తాను. బస్సు స్టాపు షెడ్డులో, మార్కెట్టు వెనక అరుగుల మీద, వంతెన కింద. చూసి, చూడనట్టు వెళ్ళిపోతూ ఉంటాను.

పిన్ని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "చూశావుగా. ఇక ఆ తలుపు వేసి వచ్చి కూర్చో" అంది, ఏ కంగారూ లేకుండా.

"పిన్నీ, ఇదంతా ఏంటి?"

"ఇల్లు లేనివాళ్ళకి స్నానం ఎక్కడ్రా? బట్టలు ఉతుక్కునేదెక్కడ? నా దగ్గర నీళ్ళున్నాయి, మిషన్లున్నాయి. సబ్బు వీళ్ళే తలా కాస్త తెస్తారు. నీ కోటు తొడుక్కున్నాయన దర్జీ. చిరుగులన్నీ ఆయనే కుడతారు. ఆ పళ్ళు లేనాయన పంపులు బాగుచేస్తాడు. ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేస్తారు. ఒకళ్ళకొకళ్ళం, అంతే. ఇందులో దానమూ లేదు, ధర్మమూ లేదు."

"మరి నా కోటు?"

"అది నువ్వు చేస్తున్న సాయం. నీకు తెలీదంతే."

మొదలైంది ఎలాగో కూడా చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఒకాయన ఉన్న ఒక్క చొక్కా ఉతుక్కుని, అది ఆరేదాకా తువ్వాలు కప్పుకుని నిలబడ్డాడట. మధ్యాహ్నం మూడింటిలోగా గుర్తింపు కార్డు ఆఫీసుకి వెళ్ళాలి. చొక్కా ఆరలేదు. హ్యాంగరు మీద ఎవరిదో చొక్కా ఉంది. వాళ్ళు నాలుగింటికి వస్తారు. పిన్ని దాన్ని తీసి ఈయనకి తొడిగి పంపింది. ఆయన కార్డుతో తిరిగొచ్చేసరికి అయిదు.

"నాలుగింటికి వచ్చినాయనకి చొక్కా ఇంకా తడి ఆరలేదని చెప్పా. నా మొదటి అబద్ధం. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. రెండోదానికి కాస్త నయం. ఇప్పుడైతే అడగ్గానే వచ్చేస్తున్నాయి" అంది.

"అందరికీ రేపు అనడం ఎందుకు? కావాల్సినవాళ్ళవి మాత్రం ఆపుకోవచ్చుగా?"

"ఎవరి కొలత ఎప్పుడు అవసరపడుతుందో ముందే ఎలా తెలుస్తుందిరా? తిరిగొచ్చాక ప్రతిదీ మళ్ళీ ఉతుకుతా. ఒక్క ఉతుకు చెప్పి రెండు ఉతుకులు ఉతికే లాండ్రీ ఇంకెక్కడైనా ఉందేమో చూసి చెప్పు."

"అడిగితే జనం ఇవ్వరా పిన్నీ?"

"ఇస్తారు. మోకాళ్ళు జారినవి, చంకలు చిరిగినవి ఇస్తారు. అవి వేసుకెళితే ఆసుపత్రి గార్డు 'ఏయ్' అంటాడు. నీ కోటు వేసుకెళితే 'సార్' అంటాడు. ఈ దర్జీ గారు కళ్ళు చూపించుకోవడానికి ఊరి అవతలి కొసనున్న ఆసుపత్రికి మూడుసార్లు వెళితే మూడుసార్లూ గేటు దగ్గరే ఆపేశారు. నీ కోటుతో వెళ్ళిన రోజు కుర్చీ వేశారు."

"అయినా ఇది తప్పు కదా?"

"తప్పే. అందుకేగా రోజూ అందరి చేతా తిట్లు తింటున్నా" అని మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది.

ఆ రోజు దర్జీ గారిని ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ ముందు నిలబెట్టాను. ఆవిడ ఆయన జుట్టు చూసింది, దువ్వెన చూసింది, సంగతంతా విన్నది, ఆయనకి టీ ఇచ్చింది. నాకు కూడా ఇచ్చింది, చప్పుడు లేకుండా. ఆయన్ని దిగబెట్టి తిరిగి వస్తుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. పుట్టడం తప్పిస్తే మా పిన్ని జీవితంలో వేరే దేనికీ ఆలస్యంగా వెళ్ళింది లేదు. బస్సుకి కూడా పావుగంట ముందే వెళ్ళి నిలబడుతుంది. ఇన్నేళ్ళూ చూస్తూ కూడా నాకది అర్థం కాలేదు. నాకు సిగ్గేసింది.

అప్పటి నుంచి రోజూ ఆఫీసుకి వెళ్ళే ముందు అక్కడ ఒక గంట కూర్చోవడం అలవాటైంది. హ్యాంగర్లకి నంబర్లు చూసి తగిలించడం నా పని. డ్రైవరు గారు పరిచయమైంది అప్పుడే. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. కాలికి ఆపరేషనై నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చేసరికి ఆయన అద్దె గదిలో ఇంకెవరో ఉంటున్నారు. ఇప్పుడు ఏ స్టాపుల్లో బస్సు ఆపేవాడో ఆ స్టాపుల్లోనే పడుకుంటున్నాడు. ఎంత పొడుగంటే బెంచీ మీంచి కాళ్ళు బయటికి వచ్చేవి.

ఆయనకి ఒక అవకాశం వచ్చింది. దగ్గర్లో ఉన్న స్కూలుకి కాపలా మనిషి కావాలి. గేటు పక్కన ఉండటానికి గది కూడా ఇస్తారు. గది! తలుపున్న గది! గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ. అదొక్కటి దొరికితే ఆయన రోడ్డు మీద పడుకోవడం ఆ రోజుతో సరి. దొరక్కపోతే ముందు చలికాలం ఉంది, ఆ కాలు చలికి తట్టుకోదని డాక్టర్లు చెప్పారు.

లోపల చొక్కా ఆయనదే ఉంది. కోటు కావాలి. షాపులో ఉన్న కోట్లన్నీ తొడిగి చూశాం. నాది మోచేతుల దాకా వచ్చింది. సరిగ్గా సరిపోయింది ఒకే ఒక్కటి, అరవై రెండో నంబరు. లాయరు గారిది.

బుధవారం సాయంత్రం లాయరు గారు చీటీతో వచ్చాడు.

"రేపు సాయంత్రం రండి లాయరు గారూ."

"రేపు పొద్దున నేనొక కమిటీలో కూర్చోవాలి. కోటు లేకుండా ఎలా వెళ్ళమంటారు?"

"మీ గొంతు ఉండగా మీకు కోటెందుకండీ? మీరు ఒక్కసారి దగ్గితే చాలు, అందరూ లేచి నిలబడతారు."

ఆయన దగ్గాడు. చీటీ జేబులో కుక్కుకుని, "ఈ లాండ్రీ మీద కేసు వెయ్యకపోతే నా పేరు మార్చుకుంటాను" అని తల వంచి గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. ఏం కమిటీ అని ఆయన్ని అడగాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

గురువారం నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. పదింటికి డ్రైవరు గారు అద్దం ముందు నిలబడ్డాడు. దర్జీ గారు భుజాలు సవరించాడు. దుప్పట్లు మడతపెట్టే ఆవిడ కాలరు దులిపింది. ఆయన అందరికీ ఒకేసారి నమస్కారం పెట్టి వెళ్ళాడు. పదకొండు కావస్తుండగా వీధి గుమ్మంలోంచి పళ్ళ డాక్టరు వచ్చి కబుర్లు మొదలుపెట్టాడు.

"లాయరు గారు చిటపటలాడుతున్నారండీ. స్కూల్లో కాపలా ఉద్యోగానికి ఇంటర్వ్యూలు చెయ్యాలట. మీరు కోటు ఇవ్వలేదని స్వెటరుతో వెళ్ళారు."

పిన్ని చెయ్యి ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె మాత్రం చొక్కా మీదే ఉంది. పొగ వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ చేతిలో చొక్కా మాడింది.

"అయ్యో, అది నా చొక్కా!" అన్నాడు డాక్టరు.

"రేపు రండి!" అని అరిచి, హ్యాంగరు మీంచి నా కోటు లాక్కుని, పిన్ని వీధిలోకి పరిగెత్తింది. వెనకే నేను. 

"అందరి ముందూ ఆయన్ని దొంగ అంటార్రా" అంది ఆయాసపడుతూ. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఆ మాట పడితే ఆ మనిషి మళ్ళీ తలెత్తుకోగలడా? అంతా నా మూలంగా. నీ కోటు పొట్టిదైనా పరవాలేదు, లోపలికి వెళ్ళకముందే మార్చేద్దాం."

మేం వెళ్ళేసరికి ఆయన లోపలే ఉన్నాడు. ఆఫీసు గదికి వరండా వైపు కిటికీ ఉంది. ఒక రెక్క కొద్దిగా తీసి ఉంది. మేమిద్దరం దాని కింద వంగి, కళ్ళు మాత్రం పైకి పెట్టి చూశాం. బల్లకి అటు హెడ్‌మిస్ట్రెస్ గారు, ఆవిడ పక్కన స్వెటరులో లాయరు గారు. ఇటు డ్రైవరు గారు, నిలబడి.

"కూర్చోండి" అంది హెడ్‌మిస్ట్రెస్ గారు.

"పరవాలేదండీ."

"మూడుసార్లు చెప్పాను. కూర్చోండి."

"వద్దండీ, ఇలాగే బాగుంది."

"సరే, ఆ తలుపు చూడండి. తీస్తే పిల్లలందరూ బెదిరేలా కిర్రుమంటుంది. ఏమైనా చెయ్యగలరా?"

డ్రైవరు గారు తలుపు దగ్గరికి వెళ్ళి కింది మడతబందు చూడటానికి వంగాడు. కోటు వెనక అంచు పైకి లేచింది. అక్కడ పిన్నీసుతో గుచ్చిన తెల్ల గుడ్డముక్క, దాని మీద చెరగని సిరాతో అరవై రెండు. ఆ నంబరు తియ్యాల్సింది నేను. మర్చిపోయాను. పిన్ని గోళ్ళు నా చెయ్యిలో దిగాయి.

లాయరు గారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. జేబులోంచి చీటీ తీశాడు. చీటీ చూశాడు, కోటు చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు.

"ఈ కోటు ఎక్కడిది?" అన్నాడు.

డ్రైవరు గారు లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి చెప్పెయ్యవయ్యా అని నేను మనసులో వేడుకున్నాను. ఆయన నిజమే చెప్పాడు.

"నాది కాదండీ. లాండ్రీలో అమ్మగారు ఈ పూటకి ఇచ్చారు. దీని సొంతదారు ఎవరో నాకు తెలీదు. వారికి తెలియకుండా వేసుకున్నాను. ముడత పడుతుందని కూర్చోలేదు."

లాయరు గారు చీటీ మడిచి పట్టుకున్నాడు.

"ఆ సొంతదారు ఇప్పుడు ఎదురుపడితే ఏం చేస్తారు?"

"విప్పి ఇచ్చేస్తానండీ. లోపల చొక్కా నాదే. ఉతికిందే" అంటూ డ్రైవరు గారు గుండీల మీద చెయ్యి వేశాడు.

పిన్ని కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను. లాయరు గారు సగం లేచి, చెయ్యి చాపి, "ఉండండి, ఉండండి. విప్పకండి" అన్నాడు. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని వీధిలో ఎవరికీ తెలీదు.

"కోటు గొడవ మనకెందుకండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్ గారు.

"ఏం లేదు మేడమ్. స్వెటరులో నాకు కాస్త చలేసింది, అందుకని అడిగాను. నా ప్రశ్నలు అయిపోయాయి" అన్నాడు లాయరు గారు.

కాసేపటికి ఆయన వరండాలోకి వచ్చి, కిటికీ కింద నక్కి ఉన్న మమ్మల్ని చూశాడు. మేం లేచి నిలబడ్డాం. ఆయన చీటీ చాపాడు.

"అరవై రెండు. సిద్ధమైందా?"

పిన్ని నోరు తెరిచింది. ఏ కారణమూ బయటికి రాలేదు. ఆవిడకి మాట తోచకపోవడం నేను చూడటం అదే మొదలు. చివరికి, "లేదండీ. మీ కోటు ఇవాళ ఉద్యోగం కోసం వచ్చింది. మీరు తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి. ఆయన్నేమీ అనకండి" అంది.

"ఎన్నేళ్ళుగా జరుగుతోంది ఇది?"

"చాలా ఏళ్ళుగా."

"నా కోటు ఎన్నిసార్లు వెళ్ళింది?"

"మీ పొడుగు మనుషులు తక్కువండీ. ఇదే మొదటిసారి."

లాయరు గారు కాసేపు కోపంగానే ఉన్నాడు. ఉండటానికి ఆయనకి హక్కుంది. తరవాత గోడకి ఆనుకుని, "ఆ కోటు నా మీద ఉండగా పోయిన ఏడాది ఒక్క కేసు గెలవలేదు. ఇవాళ గెలిచింది" అన్నాడు.

"అంటే?"

"ఆ తలుపు ఇక చప్పుడు చెయ్యదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి అది చాలు. నాకు ఆయన కూర్చోకపోవడం చాలు. మధ్యాహ్నం గది తాళం ఇస్తారు. కోటు ఆయన మీదే ఉండనివ్వండి, నాకు తొందర లేదు."

మా పిన్ని వరండా మెట్ల మీద కూలబడింది. "హమ్మయ్య" అంది. ఇంకోసారి "హమ్మయ్య" అంది. అప్పుడు గానీ నా చెయ్యి వదల్లేదు. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలీలేదు, నేనూ అదే స్థితిలో ఉన్నాను.

లాయరు గారి కడుపులో మాట దాగదు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఇద్దరు కస్టమర్లు అసహ్యించుకుని తమ బట్టలు తీసుకెళ్ళిపోయారు. పిన్ని వాళ్ళకి క్షమాపణ చెప్పింది. వాళ్ళ కోపం న్యాయమేనంది. మిగతావాళ్ళు మర్నాడు ఒక్కొక్కరే వచ్చి, ఏదో రహస్యం అడిగినట్టు, "నావి ఎక్కడికెళ్ళాయి?" అని అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు పిన్ని ముందే అడుగుతుంది. ఇష్టమైతే చీటీ మీద చుక్క పెడతారు, లేకపోతే లేదు. చుక్క లేనివాళ్ళకి బట్టలు చెప్పిన రోజుకే అందుతున్నాయి. అయినా చుక్క లేని చీటీలు వారానికి రెండు మూడు కన్నా ఉండవు.

పళ్ళ డాక్టరైతే మండిపడ్డాడు. "నా చొక్కా వేసుకుని ముందు పళ్ళు లేకుండా ఊరంతా తిరిగాడా? నా పరువేం కావాలి? రేపు క్లినిక్కుకి పంపండి!" అన్నాడు. పంపుల ఆయనకి ఇప్పుడు నాలుగు పళ్ళూ ఉన్నాయి. డాక్టరు గారి క్లినిక్కులో కారే పంపు ఒక్కటి కూడా లేదు.

డ్రైవరు గారు గేటు పక్క గదిలో చేరిన నెల తరవాత ఒక ఉదయం వెనక తలుపులోంచి వచ్చాడు. చేతిలో కొత్త చొక్కా ఉంది. కాలరులో అట్టముక్క కూడా తియ్యలేదు.

"ఇది ఉతికేదేముంది డ్రైవరు గారూ? కొత్తదేగా" అంది పిన్ని.

"ఉతకడానికి కాదమ్మా. చీటీ రాసి, చుక్క పెట్టి ఇవ్వండి" అన్నాడు. "నా కొలతే. పొడుగువాళ్ళకి ఇక్కడ ఏమీ లేవు కదా."

పిన్ని ఆ చొక్కా విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత పొడుగు చొక్కాకి నా బల్ల సరిపోతుందా ఏంటి" అని సణుక్కుంటూ, కొత్తదాన్నే మళ్ళీ ఒకసారి ఇస్త్రీ చేసి, నంబరు గుచ్చి తగిలించింది. ముక్కు రెండుసార్లు ఎగబీల్చింది. ఆవిరి వల్ల అంది.

డ్రైవరు గారు ఆ చొక్కా తిరిగి తీసుకెళ్ళనే లేదు. ఎప్పుడు చూసినా దాని హ్యాంగరు ఖాళీగా ఉంటుంది. ఎక్కడుంది పిన్నీ అని అడిగితే, తల కూడా ఎత్తకుండా, "పనిమీద వెళ్ళింది" అంటుంది.